బాడీ చూద్దురుగాని రండి

"బావా, ఒక్కసారి వచ్చి వెళ్ళు. నీకు మంచి బాడీ చూపిస్తాను" అన్నాడు ఫోన్లో మా మేనమామ కొడుకు. వాడు జగదల్‌పూర్‌లో ముప్ఫయ్యేళ్ళుగా చింతపండు వ్యాపారం చేస్తున్నాడు. తెలుగు పేపర్లు చదివేవాడికి బస్తర్ పక్కన బాడీ అన్న మాట వినబడితే వచ్చే ఆలోచన ఒక్కటే. నాకు నోట మాట రాలేదు. అది గ్రహించి వాడు పగలబడి నవ్వాడు. "అయ్యో, ఆ బాడీ కాదు బావా! ఇక్కడ ఇంటి పెరటిని బాడీ అంటారు."

తర్వాత తెలిసింది, ఛత్తీస్‌గఢ్ అంతటా అదే మాటని. 2019లో అక్కడి ప్రభుత్వం 'నరువా, గరువా, ఘురువా, బాడీ' అని ఒక పథకమే పెట్టింది. వాగు, పశువు, పెంటగుంట, పెరడు అని అర్థం.

నాకు పరాయి రాష్ట్రంలో పెరడు చూడాల్సిన గతి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. సాలూరుకు ఇవతల కొండ కింద ఎకరం డెబ్భై సెంట్ల రాతి చెక్క ఒకటి కొన్నాను, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో. మట్టి జానెడు లోతు, ఆ కింద రాయి. మొదటి ఏడు నూట ఇరవై జామ అంట్లు వేశాను. అమ్మినవాడు పద్దెనిమిది నెలల్లో కాపు అన్నాడు. అబద్ధం చెప్పలేదు, కాశాయి. గోలీకాయంత ఉండగానే కోతులు కోసి, ఒక కొరుకు కొరికి పారేశాయి. అడవిపందులు డ్రిప్పు గొట్టాలు నమిలి ఉమ్మేశాయి. ఒక రాత్రి ఎలుగుబంటి వచ్చి గట్టు మీది చెదలపుట్టను తవ్వి, పనిలో పనిగా రెండు గుంటల మొక్కల్ని కూడా పెకలించి పోయింది. సోలార్ కంచె వేయించాను. రెండో వానాకాలానికి బ్యాటరీ చచ్చింది, వేసినవాళ్ళు ఫోనెత్తడం మానేశారు.

ఇన్ని చచ్చిన నేలలో ఒకటి మాత్రం నేను చంపాలన్నా చావలేదు, తునికి. ఎవరో ఎప్పుడో కొట్టేసిన తునికి చెట్ల మొదళ్ళు, వేళ్ళు ఆ నేల నిండా ఉన్నాయి. తొలకరి పడితే చాలు, జామ పాదుల్లోంచి, గట్లలోంచి, బండ నెర్రెల్లోంచి పిలకలు. మూడేళ్ళు వరసగా కూలి పెట్టి తవ్వించాను. నాలుగో ఏడు విసుగెత్తి, జేసీబీ పెట్టి సమూలంగా పెరికించేద్దామని అడ్వాన్సు ఇచ్చేశాను. ఉగాది వెళ్ళిన వారానికి బావ ఫోను వచ్చింది.

విశాఖ నుంచి కిరండూల్ పోయే ప్యాసింజరు ఎక్కితే పొద్దున బయల్దేరి సాయంత్రానికి జగదల్‌పూర్‌లో దిగొచ్చు. అరకు సొరంగాల మీదుగా పోయే ఆ లైను, 1960లలో బైలడిలా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు తెచ్చుకోడానికి వేసింది. సాలూరు వాడికి మాత్రం రోడ్డే దగ్గర. ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగి, కొరాపుట్, జైపూర్, బొరిగుమ్మ. ఏప్రిల్ మొదటి వారం. కొండలన్నీ బూడిద రంగు, మధ్యలో అక్కడక్కడ మోదుగ చివరి పూలు.

కోట్‌పాడ్‌లో టీకి ఆగాం. ఆ ఊరి నేత బట్టకు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ఎరుపు, మెరూన్, నలుపు రంగులకు ఆధారం 'ఆల్' చెట్టు వేరు బెరడు. ఆల్ అంటే ఏమిటా అని టీ కొట్టువాణ్ణి అడిగి, పక్కన ఉన్న చెట్టు ఆకు చూస్తే అది మన తొగరు. మా అమ్మమ్మ ఊళ్ళో పశువులు కట్టేసుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదని కొట్టేసిన చెట్టు.

జగదల్‌పూర్‌లో బావ గోడౌను ముందే దిగాను. ఆసియాలోని పెద్ద చింతపండు మార్కెట్లలో ఒకటని ఆ ఊరికి పేరు. ఎర్రటి గుట్టలు, వాటి చుట్టూ కూర్చుని గింజ తీస్తున్న ఆడవాళ్ళు, గాలి పీలిస్తేనే పళ్ళు పులుస్తున్నాయి. దేశవాళీ మొక్కల కోసం వచ్చానని చెప్పి, ఉండబట్టలేక చింత అసలు ఆఫ్రికా చెట్టని కూడా అన్నాను. బావ మొహం మాడ్చాడు. "ఏడొందల ఏళ్ళ కిందట ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం పెట్టాడు. వాళ్ళ దంతేశ్వరినే బస్తరంతా అమ్మా అని కొలుస్తోంది. ఇన్నాళ్ళు ఉన్నాక కూడా చింతచెట్టు పరాయిదా?" ఆ వాదానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మన నేల మొక్క అన్న మాట వాడినప్పుడల్లా బావ మొహం గుర్తొస్తుంది.

మర్నాడు పొద్దున్నే దర్భా వైపు బయల్దేరాం. అదే రోడ్డు ఇంకా ముందుకు పోతే ఝీరం ఘాట్. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద దాడి జరిగిన చోటు. ఇంకా దిగువకు సుక్మా, కొంటా, అది దాటితే మన చింతూరు. మేం అంత దూరం పోలేదు. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం అంచున ఉన్న ఒక ధుర్వా గిరిజనుల ఊరికి మళ్ళాం. ఆ ఉద్యానం వయసు నాలుగు దశాబ్దాలు దాటింది (1982), విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహ అందులోవే. గుహలున్నాయంటేనే కింద సున్నపురాయి ఉందని అర్థం. వాన ఏటా 1400 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, మన కోస్తా కంటే ఎక్కువే. అయితే అదంతా నాలుగు నెలల్లో కురిసి, రాతి సందుల్లోంచి జారిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు పై నేల నా చెక్కలాంటిదే.

ఊళ్ళోకి అడుగు పెట్టగానే మొదట చూపు పడింది కంచెల మీద. నడుమెత్తు నాపరాళ్ళు, పక్కపక్కనే నిలువుగా పాతినవి. తాండూరు, బేతంచర్ల వైపు తిరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ రాళ్ళ వెనక ఆనుకుని వావిలి, దానిలోకి అల్లుకుని వెదురు చీలికలు, వాటి మీద ఎండిపోయిన చిక్కుడు తీగ. పశువు వావిలిని ముట్టదు. పంది రాతిని కదపలేదు. కోతికి మాత్రం ఇదంతా మెట్లవరస.

ఇంటాయనకు డెబ్భై ఉంటాయి. బావ 'దాదా' అని పిలిచాడు, నేనూ అలాగే పిలిచాను. నా హిందీ, ఆయన హిందీ రెండూ కుంటివే కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. బయటివాళ్ళతో హల్బీ, ఇంట్లో ధుర్వా మాట. సొరబుర్రలోంచి రాగి అంబలి పోసి ఇచ్చారు. ఆ బుర్రను 'తుమా' అంటారు, అంబలిని 'మండియా పేజ్'. ఎండలో నడిచి వచ్చినవాడికి బుర్రలోని అంబలి ఫ్రిజ్జులో పెట్టినట్టు ఉంటుంది.

నేల గురించి అడిగితే దాదా చేత్తో వాలు చూపించి నాలుగు పేర్లు చెప్పాడు. అన్నిటికంటే పైన రాళ్ళతో ఉన్నది మరహాన్. దాని కింద టికరా. ఆ కింద మాల్. అడుగున నీరు నిలిచే వరి మడి గభార్. నా ఎకరం డెబ్భై సెంట్ల ఫోటో ఫోన్లో చూపించాను. ఆయన చూసి, "మరహాన్" అన్నాడు. జబ్బు పేరు చెప్పిన డాక్టరులా. అందులో జామ వేశానని చెబితే ఏమీ అనకుండా నా అంబలి బుర్ర మళ్ళీ నింపాడు.

ఆ బాడీని మొదట చూస్తే తోటలా కనబడదు. వరసలు లేవు, పాదులు లేవు. ఏప్రిల్‌లో పచ్చగా ఉన్నది కూడా తక్కువే. అరగంట తిరిగాక గానీ దాని పోకడ పట్టుబడలేదు. ఇంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మనిషికి కావలసినవి, ఎంత దూరం పోతే అంత జంతువుకు ఇష్టమైనవి. వాకిట్లో వంకాయ, మిరప, సొరపాదు. అవి కుక్క కాపలాలో, ఇంటి ఆడవాళ్ళ గొంతు వినబడేంత దూరంలో ఉంటాయి. వాటి వెనక పసుపు, అల్లం, కంద, పాలగుండ మళ్ళు. ఆ వెనక నల్లజీడి, వావిలి, కానుగ. చిట్టచివర వాలు మీద ఇప్ప, రేల, తునికి, సార, మర్రి. అడవి ఎక్కడ మొదలైందో బాడీ ఎక్కడ అయిపోయిందో ఆ చివర గీత గీయలేం.

పాలగుండ మళ్ళు ఏవని అడిగితే ఖాళీ నేల చూపించాడు. అక్కడ తీఖుర్ అంటారు. పసుపు జాతి దుంప, సాల చెట్ల నీడలో తనంతట తాను పుడుతుంది. వానల్లో ఆకు వేస్తుంది, చలికాలంలో ఆకంతా ఎండి రాలిపోతుంది. మాఘంలో దుంప తవ్వి, అరగదీసి, నీళ్ళలో కడిగి కడిగి తెల్లటి పిండి తీస్తారు. వేసవిలో దాంతో చేసిన షర్బత్తు జగదల్‌పూర్ వీధుల్లో దొరుకుతుంది. తవ్వకుండా వదిలిన దుంపలు ఈ ఎండల్లో నేల కింద నిద్రపోతున్నాయి. నీళ్ళు అడగవు, పైన ఏమీ కనబడదు కనుక ఎవరి కన్నూ పడదు. నేను మాత్రం సరిగ్గా ఈ నెలల్లోనే జామకి రోజు మార్చి రోజు ట్యాంకరు తోలిస్తున్నాను, అదీ చుట్టుపక్కల ఇంకెక్కడా పచ్చటి ఆకు లేని రోజుల్లో. కొండ మీది జంతువులన్నిటికీ బోర్డు కట్టి పిలిచినట్టే.

నల్లజీడి దగ్గరికి వెళ్ళబోతే దాదా మోచెయ్యి పట్టి ఆపాడు. దాని పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. మన దగ్గర దాని రసంతో బట్టలకు గుర్తులు వేసేవారు. అక్కడ భేల్వా అంటారు, మన ఆషాఢ అమావాస్య రోజున, వాళ్ళకు అది అమూస్ పండగ, దాని కొమ్మలు పొలంలో గుచ్చుతారు. చీడ రాకుండా, దిష్టి తగలకుండా. నేను మాత్రం దాన్ని ముళ్ళకంచె కింద లెక్క వేసుకున్నాను, ఎవరూ డబ్బిచ్చి వేయించని కంచె.

ఇక్కడే నేను నా పాత అలవాటు ప్రకారం నోట్‌బుక్ తీశాను. ఏ చెట్టు ఏ సంవత్సరం నాటారు, ఎంత ఎడం, ఎన్నేళ్ళకు కాపు అని రాసుకుందామని. "ఈ ఇప్ప ఎవరు నాటారు దాదా?"

"ఎవరూ నాటలేదు."

"ఈ సార?"

"నాటలేదు."

"తునికి?"

ఆయన నా వైపు కొంచెం జాలిగా చూశాడు. "తేందూను ఎవరైనా నాటుతారా?"

ఇప్పను ఎవరూ నాటరు. మరహాన్ నేల చదును చేసేటప్పుడు అన్నీ కొడతారు, ఇప్పను వదిలేస్తారు. బస్తర్‌లో ఎక్కడ చూసినా పొలం మధ్య ఒంటరిగా నిలబడే ఇప్పచెట్లు అవే. వాళ్ళ తాత వదిలేసింది ఈయన వాటా, ఈయన వదిలేసేవి మనవళ్ళ వాటా. సారపప్పు చెట్టూ అంతే. ఒకప్పుడు సంతలో ఉప్పుకు బదులు సారపప్పు కొలిచి ఇచ్చేవారని బస్తర్ గురించి రాసినవాళ్ళంతా రాశారు. ఆ పప్పు మన మిఠాయి కొట్లలో ఎంత పలుకుతుందో తెలిసినవాళ్ళకి ఆ ఉప్పు గొంతు దిగదు.

సాల సంగతి మరీ విచిత్రం. హల్బీలో దాన్ని సర్గి అంటారు. రెక్కల గింజ సరిగ్గా తొలకరికి రాలుతుంది, వారం పది రోజుల్లో మొలవకపోతే ఇక మొలవదు. మొలిచినా ఎండాకాలంలో పై కాండం ఎండిపోతుంది. మళ్ళీ వానకు చిగురు, మళ్ళీ ఎండకు చావు. కొన్నేళ్ళపాటు ఇదే తంతు. లోపల వేరు మాత్రం లావెక్కుతూ ఉంటుంది. అది చాలనుకున్న ఏడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పద్దెనిమిది నెలల్లో కాపు అని చెప్పినవాడికి ఇలాంటి మొక్కను అమ్మమంటే ఏమంటాడో. ఈ సాల వేళ్ళను పట్టుకునే మొదటి ఉరుముల వానకు బోడా అనే గుండ్రటి పుట్టగొడుగు పుడుతుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ పండించలేకపోయారు, ఏరుకోవాల్సిందే. బావ మాటల్లో చెప్పాలంటే, ఆ నెలలో మటన్ చవక.

మరైతే ఇన్ని చెట్లు ఎలా వచ్చాయి? దాదా నన్ను వాలు చివరి రాళ్ళగుట్ట దగ్గరికి తీసుకెళ్ళి కర్రతో ఒకదాన్ని తిప్పి చూపించాడు. ఎండిన పేడ కుప్ప, దోసెడు ఉంటుంది. అందులో చీమల రెక్కలు, పీచు, వాటి మధ్య గోధుమరంగులో మెరిసే చదును గింజలు, నున్నటి రేల గింజలు. "భాలూ" అన్నాడు. ఎలుగుబంటి. ఆ గుట్టను ఆనుకుని అయిదారు రేలచెట్లు వంకర వరసలో ఉన్నాయి, అప్పుడే పసుపుపచ్చ మొగ్గ తొడుగుతున్నాయి. ఆ వరస ఎలుగు నడిచే దారి. రేలకాయ లోపలి నల్ల గుజ్జంటే దానికి ప్రాణం. తింటుంది, నడుస్తుంది, వేస్తుంది. రేగు, నేరేడు, తునికి కూడా అలాగే.

జీలుగు చెట్టు కథ ఇంకా బాగుంది. బస్తర్‌లో సల్ఫీ అంటారు. ఇంటి ముందు సల్ఫీ చెట్టుంటే ఆ ఇంటికి మంచి సంబంధం వస్తుందని బావ చెప్పాడు. కల్లు ఇవ్వడానికి పదేళ్ళ పైన పడుతుంది. ఒకసారి గెలలు వేయడం మొదలెడితే పైనుంచి కిందికి గెల తర్వాత గెల వేసి, ఆఖరి గెలతో చెట్టూ చచ్చిపోతుంది. ఈ మధ్య వేరు తెగులు తగిలి అంతకు ముందే చాలా చెట్లు పోతున్నాయి. దాని పండు మనిషి ముట్టుకుంటే దురద. మానుపిల్లికి మాత్రం అదే విందు. రాత్రి పండు తిని, బండల మీద, దుంగల మీద గింజలు వదిలిపోతుంది. దాదా ఇంటి ముందున్న మూడు జీలుగుల్లో ఒకటి ఆయన తండ్రి కాలంలో అలా గింజ పడిన చోటు నుంచి మొలక తెచ్చి పెట్టింది. మిగతా రెండూ మానుపిల్లి ఎక్కడ వేస్తే అక్కడే ఉండిపోయాయి. అందుకే ఒకటి సరిగ్గా దొడ్డిదారికి అడ్డం.

నోట్‌బుక్‌లో 'నాటినవారు' అని గీసిన గడిలో ఎలుగు, మానుపిల్లి, గోరువంక, 'తాత వదిలేశాడు' అని రాసుకున్నాను.

తునికి దగ్గర మాత్రం ఎక్కువసేపు కూర్చున్నాను. వాలంతా మోకాలెత్తు పొదలు, లేత రాగి రంగు ఆకులతో. మాఘ ఫాల్గుణాల్లో పొదలను నేలమట్టానికి నరుకుతారు. నలభై అయిదు రోజులకు బీడీ చుట్టడానికి సరిపోయే మెత్తటి ఆకు వస్తుంది. అంటే నేను మూడేళ్ళు కూలి ఇచ్చి చేయించిన పనినే వీళ్ళు ఏటా చేసి ఆకు అమ్ముకుంటున్నారు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. దానికి ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి 5500 రూపాయలు. లెక్క వేస్తే ఆకుకు పదకొండు పైసలు. ఎర్రటి ఎండలో వంగి వంగి కోసే ఆకుకు. ఇది గొప్ప ఆదాయమని నేను చెప్పను. కానీ ట్యాంకరు లేదు, డ్రిప్పు లేదు, బ్యాటరీ లేదు.

ఈ నేలలో ఏ చెట్టు ఉండాలో బయటివాళ్ళు నిర్ణయించబోయిన కథలు బస్తర్‌కు కొత్త కాదు. 1905లో ఇంగ్లీషు దొరలు మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేస్తామన్నారు. అప్పటికి ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి అడవిలో కట్టె తెచ్చుకుంటే 'దేవ్‌సారీ' అని చిన్న రుసుము ఇచ్చుకునే పద్ధతి ఉండేది. ఎవరి అడవి ఎక్కడిదాకానో అందరికీ తెలుసు. 1910లో భూమకాల్ తిరుగుబాటు మొదలైంది ఈ కాంగేర్ అడవుల ధుర్వాల్లోనే. దానికి నాయకుడిగా చెప్పుకునే గుండాధుర్‌ది ఇక్కడికి దగ్గర్లోని నేతానార్. ఊరూరా కబురుగా తిరిగినవి ఏమిటో తెలుసా? మామిడి కొమ్మ, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు. నాలుగింట మూడు పెరటి సరుకే.

ఆ తర్వాత స్వతంత్ర దేశంలోనే, 1970లలో, ప్రపంచ బ్యాంకు ప్రోద్బలంతో ఇంకో ఆలోచన వచ్చింది. సాల అడవి కొట్టేసి కాగితపు గుజ్జు కోసం కరీబియన్ పైన్ చెట్లు వేయాలని. జనం ఎదురు తిరిగారు, బస్తర్‌లో కలెక్టరుగా చేసిన బి.డి. శర్మ లాంటివాళ్ళు గొంతు కలిపారు, 1980ల మొదట్లో ఆ పథకం అటకెక్కింది. పైన్ చెట్టు కింద ఇప్ప పువ్వు రాలదు, బోడా పుట్టదు, ఎలుగు రాదు. పథకం వేసినవాళ్ళకి మూడోది లాభంగానే కనబడి ఉంటుంది. వాళ్ళను అనేముందు నా జామతోట గుర్తొచ్చి ఊరుకున్నాను. నా తోటా చిన్న పైన్ ప్రాజెక్టే.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. నాలుగున్నరకు దాదా భార్య లేపింది. ఆవిడను అందరూ 'ఆయా' అంటున్నారు, అమ్మ అని. చేతిలో వెదురు బుట్ట, టార్చి. మనవడి చేతిలో ఖాళీ నూనె డబ్బా, కర్ర. దారి పొడవునా వాడు డబ్బా కొడుతూనే ఉన్నాడు, ఆయా గట్టిగా ఎవరితోనో తగాదా పడుతున్నట్టు మాట్లాడుతూనే ఉంది. ఎవరితో అని అడిగితే, "భాలూతో. మేం వస్తున్నాం, నువ్వు తిన్నది చాలు, లేవమని."

దీన్ని జంతువులతో స్నేహం అని రాయడం తేలిక. ముందురోజు సాయంత్రం మాతో కూర్చున్న దాదా బావమరిది ముఖంలో ఎడమ సగం లేదు. కన్ను, చెంప, చెవి కలిపి ఒక ముడతగా అతుక్కుపోయాయి. పదేళ్ళ కిందట ఇప్పచెట్టు కిందే. ఎలుగు ముఖం మీదే కొడుతుంది. అందుకే ఆ డబ్బా, ఆ తగాదా. వాటా ఇవ్వడం వేరు, ఎదురుపడడం వేరు.

చెట్టు కింద నిలబడి టార్చి ఆర్పేశారు. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత టప్‌మని ఒకటి. ఇంకొకటి. నా భుజం మీద ఒకటి. చీకట్లో చెట్టంతా మెల్లగా చినుకులు పడుతున్నట్టు రాలుతోంది. వెలుగు వచ్చేసరికి నేలంతా పాలమీగడ రంగు పూలు, ద్రాక్షపండంత లావు, లోపల తేమ. వేళ్ళకు జిగురు, ముక్కుకు కాగిన బెల్లం వాసన. ఒక పక్క మెత్తగా తొక్కి నలిపిన చోటు ఉంది. రాత్రి వాటా అయిపోయింది. మిగతాది ఆయా ఏరింది. చాలామంది కింద ఆకు ఊడ్చి నిప్పు పెట్టి నేల నున్నగా చేసుకుంటారు, ఆ నిప్పు ఒక్కోసారి అడవికి పాకుతుంది. ఇక్కడ మాత్రం సగం మేర పచ్చటి వల కట్టారు. వల పువ్వు శుభ్రంగా ఉంటుంది, ధర ఎక్కువ. 2020లో ఎండు పువ్వు మద్దతు ధరను కిలో 17 నుంచి 30 రూపాయలకు పెంచారు. ఆ పెంపు తర్వాతే వలకు ఖర్చు పెట్టే ధైర్యం వచ్చిందని మనవడు అన్నాడు.

ఆ మనవడితో ఆయా వాళ్ళ మాటలో ఏదో అంటుంటే ఒక్క ముక్క చెవిన పడింది. "ఇర్ప." నేను ఆగిపోయాను. ఆవిడ చూపిస్తున్నది ఇప్పచెట్టు. ఇప్పను ఇర్ప అంటారు. నీళ్ళను నీర్ అంటారు. ఈ భాషను పర్జీ అని 1953లో బరో, భట్టాచార్య పుస్తకం రాశారని, ద్రావిడ భాషల్లో ఒకటని ఎక్కడో చదివినవాణ్ణే. చదవడం వేరు. పరాయి రాష్ట్రంలో, తెల్లవారుజామున, ఎలుగు తిని వదిలిన చెట్టు కింద మా అమ్మమ్మ మాట సగం వినబడడం వేరు. "ఇప్ప" అన్నాను నేను. "ఇర్ప" అని ఆయా సరిదిద్దింది.

తిరిగి వచ్చాక ఎర్రచీమల పచ్చడి పెట్టారు, చాప్‌డా. నిమ్మకాయ పిండినట్టు పులుపు, తర్వాత కారం. తింటుండగా దాదా మెల్లగా తన కోరిక బయటపెట్టాడు. ఆంధ్ర నుంచి వచ్చావు కదా, మళ్ళీ వచ్చేటప్పుడు బంగినపల్లి అంట్లు రెండు తెచ్చిపెట్టగలవా? నేను ఇప్పగింజల కోసం సంచి తెచ్చుకున్నానని చెప్పలేకపోయాను. కొడుకైతే ఫోన్లో ఇనుప జాలి కంచె బొమ్మలు చూపించి మీటరు ధర ఎంతుంటుందని అడిగాడు. ఉండేలుతో కోతుల్ని ఎన్నాళ్ళని కొడతామన్నాడు. వాళ్ళ బాడీని నేను మ్యూజియంలా చూస్తున్నానన్న అనుమానం వాడి కళ్ళలో కనబడింది. అందులో కొంత నిజం ఉంది.

అక్కణ్ణుంచి ధుడ్‌మారస్ దాకా వెళ్ళాం. 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ తన కార్యక్రమానికి ఎంచుకున్న ఇరవై ఊళ్ళలో అదొకటి. కాంగేర్ నది మీద వెదురు తెప్పలు తిరుగుతున్నాయి. అడ్డాకు విస్తట్లో భోజనం పెట్టారు. బాగుంది. కానీ నా మనసంతా జేసీబీ మీదే ఉంది.

నదిలో సిగ్నల్ లేదు. ఊరు చేరాక ఫోన్ చేశాను. మా కాపలా మనిషి ఎత్తాడు.

"బాబూ, మిషను వచ్చీసింది. ఏ మూల నుంచి లాగమంటారు?"

"లాగొద్దు. తునికి మొదళ్ళు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు."

"ఏటి బాబూ, అడ్వాన్సు ఇచ్చీసినాం కదా!"

అటువైపు డ్రైవరు ఏదో గొణిగాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వరట. చివరికి ఆ డబ్బుకు వాలుకు అడ్డంగా మూడు కందకాలు తవ్వించాను, పైనుంచి జారే వాన నిలిచేట్టు. జామలో బతికున్న ముప్ఫై మొక్కల్ని ఇంటి దగ్గరికి, కుక్క మొరిగితే వినబడేంత దూరానికి మార్చాను. పాలగుండ దుంపలు బావ పార్సిలు పంపాడు. ఇప్పగింజలు తేలేదు. రాలిన కొన్ని వారాలకే అవి చచ్చిపోతాయట. జ్యేష్ఠంలో మా కొండ మీదవే ఏరుకున్నాను. దాదాకి బంగినపల్లి అంట్లు రెండు కాదు, నాలుగు పంపాను.

ఆషాఢం మొదట్లో ఒక ఉదయం మళ్ళీ ఫోను.

"బాబూ, గట్టు మీద పెద్ద బండ లేదూ, దాని మీద రాత్రి ఏటో పెంటేసింది. నిండా గింజలే. కడిగీమంటారా?"

"ఉంచు. నీడగా నాలుగు కొమ్మలు అడ్డం పెట్టు, అంతే."

"దేనికి బాబూ? పెంటకా?"